నాన్న కుమామోటోకి రానన్నాడు

మా నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన మొండితనం మాత్రం ఇంకా బతికే ఉంది, హాల్లో ఎత్తుబల్ల మీద, పెద్దల పేర్లు రాసిన పలక వెనకాల, పూటపూటా అగరొత్తుల పొగ పీలుస్తూ.

ఆ ఆదివారం అమ్మ బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, మనసులో అడగాల్సింది అడిగి, రెండు చెక్కలూ నేల మీదికి వదిలింది. రెండూ బోర్లా పడ్డాయి.

"కాదంటున్నాడు," అంది అమ్మ.

మా తమ్ముడు షావ్‌చీ తల పట్టుకున్నాడు. వాడి పెళ్లాం రూయింగ్ ఫోన్లో తారీఖు చూసుకుంది. మా సామాను ఓడెక్కించే కంటెయినర్ పన్నెండు రోజుల్లో వీధి చివర నిలబడుతుంది. దాంట్లో రెండు ఇళ్లు సర్దాలి. ఒకటి వాళ్లది, ఒకటి అమ్మది. అమ్మది అంటే నేనూ అమ్మా ఉంటున్న ఈ మూడో అంతస్తు ఇల్లే.

"అడిగే పద్ధతి మార్చి చూడమ్మా," అన్నాడు షావ్‌చీ. "జపాన్ వస్తావా అని కాకుండా, కొడుకు దగ్గర ఉంటావా అని అడుగు."

"మాటలు మారిస్తే మీ నాన్నకి తెలీదనుకున్నావా? ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు. టికెట్ కొనకుండా ఎక్కినవాణ్ణి అద్దంలో చూసే పట్టేవాడు."

చెక్కలంటే నెలవంకలా కోసి ఎర్రరంగు వేసిన ముక్కలు రెండు. ఒక పక్క చదును, ఒక పక్క బొజ్జ. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ చదునుపక్క పైకి చూపిస్తూ వెల్లకిలా పడితే అవతలివాళ్లు నవ్వుతున్నారన్నట్టు. ఇల్లు మారడంలాంటి పెద్ద పనికి సరే అన్నది వరసగా మూడుసార్లు రావాలి. మూడు వారాలుగా మాకు ఒక్కటి కూడా రాలేదు. గాలికి పేరుపడ్డ మా శించు ఊళ్లో అది ఎటు వీస్తుందో చెప్పొచ్చు గానీ, మా నాన్న ఎటు తిరుగుతాడో ఆయన బతికుండగానే ఎవరూ చెప్పలేకపోయారు.

నా ఉద్యోగం ఇళ్లని సముద్రాలు దాటించడం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఒక ఇంట్లో చెప్పులు విప్పి గదులన్నీ ఒక చుట్టు చుట్టి వస్తే చాలు, అది ఎన్ని ఘనమీటర్ల సంసారమో చెప్పేస్తాను. మొగుడికీ పెళ్లానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా చెప్పగలను గానీ, మా ఫారంలో దానికి గడి లేదు. పియానోలు, చేపల తొట్లు, ముసలి కుక్కలు, ఒకసారి ఒకాయన పెళ్లినాటి రాతిబల్ల, అన్నీ పంపించాను. ఎక్కడా తడబడలేదు. తీరా నా తమ్ముడు కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీ తరఫున అయిదేళ్లకి కుమామోటో వెళ్తుంటే, చచ్చిపోయిన బస్సు డ్రైవర్ ఒకాయన అడ్డంగా కూర్చున్నాడు.

ఆయన సరే అనకపోతే అమ్మ వెళ్లదు. ఈ ముక్క అమ్మ మొదటిరోజే చెప్పేసింది. అమ్మ వెళ్లకపోతే ఆ దారి మళ్లీ తెరుచుకోదు. జపాన్ వాళ్ల కాగితాల్లో ఏడేళ్లు నిండని పిల్లని చూసుకునే నాయనమ్మకి చోటుంది. షావ్‌చీ కూతురు నింగ్‌నింగ్‌కి ఆరు నిండి రెండు నెలలైంది. ఇప్పుడు తప్పితే మళ్లీ మొదటినుంచి కాగితాలు కదిలేసరికి పిల్లకి ఏడు దాటుతుంది. పోతే, ఆ నాయనమ్మని చూసుకునే మేనత్తకి ఏ కాగితంలోనూ చోటు లేదు. నాకు నలభై తొమ్మిది. పెళ్లి చేసుకోలేదు. మా ఇళ్లలో పెళ్లికాని కూతురి పేరు చచ్చాక కూడా పుట్టింటి పలక మీదికి ఎక్కదు, కాబట్టి బతికుండగా ఆ పలకతో మాట్లాడే పని కూడా నాకు ఎప్పుడూ పెట్టలేదు. అది కొడుకుల పని. కొడుక్కి ఆఫీసుంటే అమ్మ పని.

తమాషా ఏమిటంటే, అమ్మకి వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది. డెబ్భై ఎనిమిదేళ్ల ప్రాణం. ఆవిడ పుట్టి బుద్ధెరిగి మంచు పడటం చూడలేదు. జూన్ నెలలోనే బొచ్చు బూట్లు కొనుక్కుంది. రెండు జతల మేజోళ్లు తొడుక్కోవాలని ఒక సైజు పెద్దవి. ఎండలు మండిపోతుంటే ఆ బూట్లేసుకుని ఫ్యాన్ కింద కూర్చుని సీరియల్ చూసేది, కాళ్లకి అలవాటు కావాలట.

"అమ్మా, కుమామోటోలో మంచు పెద్దగా పడదే," అన్నాను ఒకసారి.

"కొండుందిగా?"

"ఉంది."

"కొండుంటే మంచుంటుంది. నువ్వు సామాన్ల సంగతి చూసుకో."

నింగ్‌నింగ్ దగ్గర జపనీస్ అంకెలు నేర్చుకుంది. రోజూ మెట్లెక్కుతూ లెక్కపెట్టేది. ఏడో అంకె దగ్గర ఎప్పుడూ మర్చిపోయి, ఆగి, మళ్లీ కింది మెట్టు నుంచి మొదలెట్టేది. ఇంత ఉబలాటపడుతున్న మనిషి ప్రతి ఆదివారం చెక్కలు వేసి, "కాదంటున్నాడు" అని మొహం దించుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంటే నాకు ఒళ్లు మండేది. బతికినన్నాళ్లూ ఆవిణ్ణి ఎక్కడికీ తీసుకెళ్లలేదు మహానుభావుడు. ఒక్కసారి కంపెనీ వాళ్లతో కలిసి జపాన్‌లోని ఒకినావా వెళ్లారు. పడవలో కక్కుకుని, దిగాక కూడా కక్కుకుని, నాలుగు రోజుల ప్రయాణంలో మూడు రోజులు హోటల్ గదిలో పడుకుని వచ్చాడు. అమ్మ కిటికీలోంచి చూసి వచ్చింది.

అందుకే అందరం అనుకున్నాం, ఆయనకి జపాన్ అంటేనే పడదని. ఇక బతిమలాటలు మొదలయ్యాయి.

మొదట షావ్‌చీ ఆయనకిష్టమైన జొన్నసారా తెచ్చి మూడు చిన్న గిన్నెల్లో పోసి పెట్టాడు, ఎప్పట్లా అమ్మే చెక్కలు వేసింది. కాదన్నాడు. రూయింగ్ కుమామోటో కోట వీడియో పెట్టి ఫోన్‌ని పలకకి ఆనించి నిలబెట్టింది. మధ్యలో బరువు తగ్గే మందుల ప్రకటన వచ్చింది. అది కూడా చూపించాం. కాదన్నాడు. అక్కడా ఆయన తాగే రకం సిగరెట్లే దొరుకుతాయని షావ్‌చీ మాటిచ్చాడు. కాదన్నాడు.

"సాసేజీలు పెడతామని చెప్పు," అంది రూయింగ్.

"మాంసం తీసుకెళ్లనివ్వరు. విమానాశ్రయంలో కుక్కలుంటాయి," అన్నాను.

"మామయ్యకి ఆ సంగతి తెలీదుగా వదినా."

"ఆయనకి అబద్ధం చెప్పి తీసుకెళ్తే, అయిదేళ్లూ ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వు."

రూయింగ్ ఆ మాటకి వెనక్కి తగ్గింది. ఆమె చదువుకున్న పిల్ల, ఇవేవీ నమ్మదు. నమ్మకపోయినా భయపడుతుంది. నేను నమ్మనూ నమ్మను, భయపడనూ భయపడను. నాకు తారీఖులు కావాలి, అంతే.

ఆయన ఒప్పుకుంటే ఎలా తీసుకెళ్లాలో కూడా ముందే రాసిపెట్టాను. పలకని ఎర్రగుడ్డలో చుట్టాలి. వెదురుబుట్టలో పెట్టాలి. పైన నల్లగొడుగు పట్టాలి. దారిలో వంతెన వచ్చినప్పుడల్లా "నాన్నా, వంతెన దాటుతున్నాం" అని చెప్పాలి, లేకపోతే వెనకబడిపోతాడు.

"విమానంలో ఏం చెప్పాలి?" అన్నాడు షావ్‌చీ. "కిందంతా సముద్రమే."

"దిగేదాకా చెబుతూనే ఉండు."

"రెండు గంటలా?"

"ముప్పై ఏళ్లు ఆయన మనకి నాన్‌స్టాప్‌గా చెప్పలేదా?"

"గొడుగు లోపల తెరవనిస్తారా మరి?"

విమానం కంపెనీకి ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి ఏమీ తొణకలేదు. గొడుగు సగం తెరుచుకోవచ్చంది, బుట్ట ఒళ్లో పెట్టుకోవాలంది, ప్రయాణికుడికి పాస్‌పోర్ట్ అక్కర్లేదంది. మా దేశంలో అందరికీ ఇలాంటి నాన్న ఒకడు ఉంటాడు.

ఈ లోపల నా పని నేను చేసుకుపోయాను. ఓడలో వెళ్లేవాటికి ఎర్ర చీటీ, విమానంలో వెళ్లేవాటికి నీలం చీటీ, ఉండిపోయేవాటికి పసుపు చీటీ. నింగ్‌నింగ్ ఒక నీలం చీటీ నా వీపు మీద అంటించింది. దాంతోనే ఆఫీసుకెళ్లి, ఇద్దరు కస్టమర్లని కలిసి, బ్యాంకులో నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చాను. ఆఫీసులో పన్నెండు మంది ఉన్నారు. ఒక్క వెధవ కూడా చెప్పలేదు. ఇంట్లో పసుపు చీటీలు ఎక్కువైపోతున్నాయి. నా మంచం, నా బీరువా, రైస్ కుక్కర్, సోఫాలో నేను కూర్చునే సగం. సోఫా మిగతా సగానికి అమ్మ చీటీ అంటించనివ్వలేదు. మీ నాన్న ఏమంటాడో చూద్దాం అంది.

మంగళవారం సాయంత్రం షావ్‌చీ వచ్చాడు. చెప్పులు విప్పుకోకుండానే గుమ్మంలో నిలబడి మొదలెట్టాడు.

"అక్కా, నిజం చెప్పు. అమ్మని నువ్వే ఆపుతున్నావా?"

"నేనా?"

"అమ్మకి వెళ్లాలని ఉంది. నాన్న పేరు చెప్పి ఆగిపోతోంది. మధ్యలో ఇంకెవరున్నారు?"

"ఒరేయ్, ఆవిడ గదిలో మసాజ్ కుర్చీ వేయించుకుందామని కొలతలు తీసుకున్నాను. చూస్తావా? గోడ మీద పెన్సిల్ గీతలున్నాయి. ఆవిడ ఎప్పుడు విమానమెక్కుతుందా, నేనెప్పుడు సింకు దగ్గర నిలబడి గిన్నెలోంచే నూడుల్స్ తింటానా అని రోజులు లెక్కపెడుతున్నాను. నలభై తొమ్మిదేళ్లొచ్చాయి, ఆదివారం పదింటిదాకా పడుకుంటే తలుపు కొట్టి బతికున్నావా అని అడుగుతుంది."

"ఇదే మాట ఆఫీసులోనూ చెప్పావట. పళ్లమ్మే ఆవిడకీ చెప్పావట."

"చెప్పాను. అమ్మని చూసే డాక్టరుకి కూడా చెప్పాను."

"ఎందుకంతమందికి చెప్పడం?" అన్నాడు వాడు, నెమ్మదిగా.

నేను వాడి చెప్పుల గురించి తిట్టి మాట మార్చేశాను. అమ్మకూచి, మెతకవాడు, కానీ అప్పుడప్పుడూ సూదిలా దిగబడతాడు. నిజమేమిటంటే, మూడు వారాలుగా ఆ చెక్కలు బోర్లా పడ్డ ప్రతిసారీ నాకు మళ్లీ ఊపిరి ఆడేది. మొహం చిట్లించుకుని, నాన్నని తిట్టిపోసి, కంటెయినర్ తారీఖు గురించి నానా యాగీ చేసి, రాత్రి గోడ అవతల అమ్మ దగ్గు వినబడితే హాయిగా నిద్రపోయేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

గురువారం సగం రోజు సెలవు పెట్టాను. ఆ బల్లలు రెండూ వెళ్లినా వెళ్లకపోయినా కొలతలు ఫారంలో ఉండాలి. ఎత్తుబల్ల కింద పొట్టిబల్ల దూరి ఉంటుంది, దాని ముందు కుట్టుపని చేసిన ఎర్రగుడ్డ నేలదాకా వేలాడుతుంది. అమ్మ బజారుకి వెళ్లింది కదా అని టేపు పట్టుకుని గుడ్డ కిందనుంచి లోపలికి దూరాను. ఆరేళ్ల ధూళి, పాత అగ్గిపెట్టె, నాన్నకి పెట్టిన నారింజపండు ఒకటి, ఎండి గట్టిపడి. వెనకకాళ్ల మధ్య దూరం కొలుస్తుండగా తలుపు తీసిన చప్పుడైంది.

సంచి భోజనాల బల్ల మీద పెట్టింది అమ్మ. తర్వాత చెవి మిషన్ తీసింది. అది కుయ్యిమని, పింగాణీ సాసర్లో టక్కుమని పడింది. దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆవిడ దాన్ని తీసేస్తుంది. అది పెట్టుకుంటే ఫ్రిజ్ చప్పుడు వినబడుతుంది, మీ నాన్న వినబడడు అంటుంది. మిషన్ లేకపోతే ఆవిడకి తన గొంతు తనకి వినబడదు. అందుకని మనసులో అనుకుంటున్నాననుకుని పైకే అనేస్తుంది. నేనెప్పుడూ ఆ వేళకి ఇంట్లో ఉండను కాబట్టి ఈ రెండో సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆదివారాలు మా అందరి ముందూ పెదాలు బిగించుకుని ఉండేది.

బయటికి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా గుడ్డకి అవతల, నాకు మూరెడు దూరంలో, ఆవిడ మోకాళ్లు నేలకి ఆనాయి.

"ఏమయ్యా, నేనే," అంది. "మళ్లీ అదే అడుగుతున్నాను, విసుక్కోకు. నేను వెళ్లిపోతే మన పీయున్ ఒక్కతే ఉండగలదా?"

చెక్కలు నేల మీద పడ్డాయి. ఒకటి దొర్లి గుడ్డ అంచు కిందికి వచ్చింది. దాని బొజ్జపక్క నాకు కనిపించింది. అమ్మ చేయి వచ్చి దాన్ని తీసుకుంది.

పీయున్ అంటే నేనే.

"నేననుకున్నదే. మొన్న చైత్రంలో దానికి జ్వరమొస్తే మూడు రోజులు నాకు చెప్పలేదు. గోడకి ఇవతల నేనుండగానే చెప్పనిది, సముద్రం అవతలినుంచి అడిగితే చెబుతుందా? నువ్వే చెప్పు. చెబుతుందా?"

మళ్లీ చెక్కలు పడ్డాయి.

"చెప్పదు. అంతేలే. మసాజ్ కుర్చీ అట. ఊరందరికీ చెప్పుకుంటోంది పిచ్చిమొహం. అదే నవ్వుతూ చెబుతుంటే పళ్లావిడ నాకొచ్చి చెప్పింది, అమ్మా, మీ అమ్మాయి బాగా దిగులుగా ఉందీ అని." అమ్మ ముక్కు చీదింది. "సరే, వెళ్లనులే. మంచు చూడకపోతే ఎవరూ చచ్చిపోరు."

నేను బల్ల కింద, దేవుళ్లూ మా పెద్దలూ కాళ్లు పెట్టుకునే చోట, చేతిలో టేపుతో కూర్చుని ఉన్నాను. మా నాన్నని అడిగిన ప్రశ్న ఆయనకన్నా ముందు నాకు చేరింది. మూడు వారాలుగా నేను ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆయన ఒక్కసారి కూడా కుమామోటో రానని అనలేదు. అసలాయన్ని ఆ మాట ఎవరూ అడగనే లేదు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. ధూళి వల్ల తుమ్ము వచ్చింది.

గుడ్డ ఎత్తి తల బయటపెట్టేసరికి అమ్మ వెనక్కి కూలబడింది.

"నేనేనమ్మా," అన్నాను. సాసర్లోంచి మిషన్ తీసి ఇచ్చాను. చెవిలో పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"అక్కడేం చేస్తున్నావే?"

"కొలతలు."

"ఎంత విన్నావు?"

"కిందింటివాళ్లు విన్నంత."

ఆవిడ చొక్కా చేతితోనే మొహం తుడుచుకుంది.

"నాన్న జపాన్ రానన్నాడని మూడు వారాలు మమ్మల్ని తిప్పావు."

"నేనెప్పుడన్నాను? కాదంటున్నాడన్నాను. జపాన్ అన్నది మీరు. ఆయన రాకేం చేస్తాడు? నేనిక్కణ్ణించి వెళ్లిపోతే ఆయనకి అన్నం ఎవరు పెడతారు?"

"నేను లేనూ?"

"నువ్వు నూడుల్స్ పెడతావు, సింకు దగ్గర నిలబడి."

నేను ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెక్కల కోసం చేయి చాపాను. అమ్మ ఇవ్వలేదు.

"నువ్వెందుకు? అడగాలంటే షావ్‌చీ వస్తాడు."

"షావ్‌చీ గురించి అడుగుతున్నావా, నా గురించి అడుగుతున్నావా? నా సంగతి నేను అడుగుతాను. ఇటివ్వు."

ఇచ్చింది. చేతుల మధ్య పట్టుకుంటే ఆవిడ అరచేతుల వేడి ఇంకా ఉంది వాటికి. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. ఆయనతో నేను ఆఖరిసారి మాట్లాడింది ఆసుపత్రిలో, ఏసీ ఎక్కువగా ఉందని ఆయనంటే, లేదని నేనన్నాను.

"నాన్నా, నేను పీయున్‌ని," అన్నాను, పైకే. "అమ్మ వెళ్తే నాకేమీ ఇబ్బంది లేదు. హాయిగా ఉంటాను. అవునా కాదా, చెప్పు."

వదిలాను. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతున్నాడు," అంది అమ్మ.

"నాకూ కనిపిస్తోంది."

మళ్లీ తీసి వదిలాను. మళ్లీ వెల్లకిలా.

"పచ్చి అబద్ధమాడితే నవ్వక ఏడుస్తాడా?" అంది.

నాకు కోపమొచ్చింది. ఆయన మీదా, ఆవిడ మీదా, ఇన్నేళ్లూ నన్ను ఒక్కసారీ పిలవని ఆ బల్ల మీదా.

"సరే అయితే విను. హాయిగా ఉండను. చాలా కష్టంగా ఉంటుంది. అన్నం ఒక్కదానికే వండుకుంటే మిగిలిపోతుంది, పారేస్తాను. దగ్గు వినబడకపోతే నిద్రపట్టదు. నువ్వు కాదన్న ప్రతిసారీ నాకు సంబరంగా ఉండేది, దొంగమొహాన్ని, ఈవిడ వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంటున్నా సరే. నీతో ఒక్క ఊరూ చూడలేదు ఈవిడ. కిటికీలోంచి చూసింది. ఇప్పుడు నేను రెండో కిటికీనైపోయాను. నాకు కష్టమైనా పడతాను. జ్వరమొస్తే చెబుతాను. పంపించు నాన్నా."

చెక్కలు వదిలాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

తీసి మళ్లీ వదిలాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

"ఇంకోటి," అంది అమ్మ. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. రెండు చేతులూ గుండెల దగ్గర కలిపి పట్టుకుంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎంత వెళ్లాలనుందో ఆవిడకి, అంతా అక్కడ కనిపించింది.

మూడోసారి వదిలాను. ఒక చెక్క మా ముందే వెల్లకిలా పడింది. రెండోది ఒక అంచు మీద పడి, గిరగిరా తిరిగి, ఎర్రగుడ్డ కిందికి దూరిపోయింది.

"కదపకు," అంది అమ్మ. "ఎలా పడిందో అలాగే చూడాలి. నాకు వంగితే నడుము పట్టేస్తుంది, నువ్వు చూడు."

నేను చెంప నేలకి ఆనించి గుడ్డ ఎత్తాను. పొట్టిబల్ల కాలి పక్కనే ఉంది అది. చదునుపక్క పైకి పెట్టుకుని, వెల్లకిలా. రెండూ వెల్లకిలా. నాన్న నవ్వుతున్నాడు. బతికుండగా అంత నవ్విన గుర్తు లేదు నాకు. ఎందుకు నవ్వుతున్నాడో అడిగే తీరిక లేదు, వెనకాల అమ్మ ఊపిరి ఆపుకుని కూర్చుంది.

చెక్కని గుప్పిట్లోకి తీసుకుని బయటికొచ్చాను.

"బోర్లా పడిందమ్మా," అన్నాను. "సరే అన్నాడు."

అమ్మ నా గుప్పిటవైపు చూసింది. తర్వాత నా మొహంవైపు చూసింది, చాలాసేపు. ఏ మాటనీ మూడుసార్లు అడగందే వదలని మనిషి, ఆ ఒక్కటీ రెండోసారి అడగలేదు. నా భుజం పట్టుకుని లేచి, బల్లవైపు తిరిగి, నాన్నకి మూడుసార్లు తలవంచి దణ్ణం పెట్టింది.